కెర్రీ నాయకుడు డిక్ ఫిట్జెరాల్డు

ఐర్లండు స్వాతంత్ర్య చరిత్రమును మన పాఠకులు తరతరములుగ శ్రద్ధతో చదువుచునే యున్నారు. పార్నెలు, డేవిట్టు, డివేలరా, మైకేల్ కాలిన్సు మున్నగువారి పేరులు మన గ్రంథాలయములలో కూర్చుండువారికి క్రొత్తవి కావు. కాని ఆ దేశపు పల్లెలలో ఏ రైతునైనను నిలిపి యడిగినచో ఆ పేరులతోపాటు, ఒక్కొక్కచోట వానికంటె ముందుగ, బంతియాటగాండ్ర పేరులు చెప్పును. మనకిది వింతగ దోచును. ఆటగాని ముచ్చట పత్రికలో చివరి పుటయందుండ దగినదని మనము తలంతుము. ఐర్లండునందు అట్లు కాదు. అచ్చట ఏబది సంవత్సరములపాటు ఆటస్థలమును, రాజకీయ సభయును, చెరసాలయును ఒకే దారిమీద నుండెను. ఆ దారిని నడచినవారిలో కిలార్నీ పురవాసియగు రిచర్డు ఫిట్జెరాల్డు ఒకడు. లోకము అతనిని డిక్ అనెను. పేరు చివర ఈన్ అను ప్రత్యయము చేర్చి ముద్దుచేయుట ఐరిషువారి వాడుక గావున ఊరివారు డికీన్ అనిరి. ఆట నుండి తప్పుకొని ఎన్నేండ్లు గడచినను ఊరివారి నోట ఆ పిలుపు మారలేదు.

అతడు 1882వ సంవత్సరమున కెర్రీ కౌంటీలోని కిలార్నీలో పుట్టెను. ఐర్లండునకు నైరృతి మూలనున్న కెర్రీయందు ఆ దేశమున కెల్ల ఎత్తైన పర్వతములు కలవు. వాని పాదముల చెంతనే కిలార్నీ సరస్సులు. 1861లో విక్టోరియా రాణి స్వయముగ వచ్చి ఈ సరస్సులను చూచిపోయిన నాటినుండి ఆంగ్ల ప్రభువులకును, ధనికులగు యాత్రికులకును ఆ యూరు విహారస్థానమయ్యెను. సరస్సులు ఎంత యందమైనవో వాని చుట్టునున్న సేద్యపు బ్రదుకు అంత కఠినమైనది. నేల పెద్ద ప్రభువులది, దున్నువాడు కౌలుదారు. 1879లో మైకేల్ డేవిట్టు భూసంఘమును స్థాపించిన పిమ్మట కౌలు తగాదాలు మిక్కిలి తీవ్రముగ సాగిన కౌంటీలలో కెర్రీ యొకటి. రాత్రివేళ ముసుగులు ధరించి తిరుగు జట్లు, భూమినుండి వెడలగొట్టబడిన కుటుంబములు, పోలీసు కాపలాలు: డిక్ పసితనమున చుట్టుపట్ల కథలు ఇవియే. 1903లో విండాము చట్టము వచ్చి, ప్రభుత్వము సొమ్ము బదులిచ్చి కౌలుదారులచే భూములు కొనిపించువరకు ఆ కలత పూర్తిగ అణగలేదు. భూమి గల మన పాఠకులు ఈ సంగతిని గుర్తుంచుకొని యుండిన, అచ్చటి రైతుబిడ్డలకు ఆదివారపు బంతియాట ఏల అంత ముఖ్యమయ్యెనో సులువుగ గ్రహింపగలరు. వారు తమదని చెప్పుకొని కాలు మోపగలిగిన గడ్డి నేల అదియొక్కటే.

ఆ యాటకు కట్టుబాటు కల్పించినది గేలిక్ క్రీడాసంఘము. క్లేర్ కౌంటీవాడగు మైకేల్ క్యూసాకు అను బడిపంతులు, టిప్పరేరీ కౌంటీవాడగు మారిసు డేవిన్ అను వ్యాయామవీరుడు, మరికొందరు చేరి 1884 నవంబరు 1వ తేదీన థర్లెసు పట్టణములోని ఒక హోటలున దీనిని స్థాపించిరి. అంతకు పూర్వము క్రీడల పెత్తనము ఆంగ్ల సంప్రదాయపు సంఘముల చేతనుండెను. కూలివాండ్రను, పనివాండ్రను అవి పోటీలకు రానీయకుండెను. క్రొత్త సంఘము ఆ యడ్డుగోడను పడగొట్టి, పనివానికి సెలవు దొరకు ఆదివారముననే ఆటలు పెట్టెను. ఆర్చిబిషప్పు క్రోకు, పార్నెలు, డేవిట్టు అను మువ్వురును దీనికి పోషకులుగ నుండ నొప్పుకొనిరి. మతాధిపతి, పార్లమెంటు నాయకుడు, భూసంఘ స్థాపకుడు. ఈ ముగ్గురును ఒక ఆటల సంఘము గొడుగు క్రింద నిలుచుటలోనే దాని యుద్దేశము తెల్లమగుచున్నది. క్రోకు పేరుతో కిలార్నీలో డాక్టర్ క్రోక్సు అను జట్టు 1886లో ఏర్పడెను. అప్పటికి డిక్ నాలుగేండ్ల బాలుడు. పెరిగి పెద్దవాడై అతడు చేరినది ఆ జట్టుననే.

ఈ యాట మనము చూచు ఫుట్‌బాల్ కాదు. బంతి గుండ్రనిదే గాని చేతితో పట్టవచ్చును, పిడికిలితో కొట్టవచ్చును, కాలితో తన్నవచ్చును. రెండు నిలువు స్తంభములకు నడుమ అడ్డుకర్ర యుండును. కర్ర క్రిందుగ బంతి పోయిన గోలు. కర్రమీదుగ పోయిన పాయింటు. మొదట ఒక గోలు ఎన్ని పాయింట్లకైనను మించినదని లెక్క. 1892లో దానిని ఐదు పాయింట్లకు సమము చేసిరి, 1896లో మూడింటికి తగ్గించిరి. జట్టుకు మొదట ఇరువదియొక్కరు, 1892లో పదునేడుగురైరి, 1913లో పదునైదుగురైరి. ఈ లెక్కలను మేము ఊరక వ్రాయుట లేదు. ఇరువదియొక్కరు ఒకరి మీదొకరు పడి తోసికొనునప్పుడు గెలుచునది కండబలము. మనుష్యులు తగ్గి నేల విశాలమైన కొలదిని కన్నును, కాలును, ఆలోచనయును గెలువ మొదలిడును. డిక్ ఫిట్జెరాల్డు జీవితమంతయు ఈ మార్పు జరిగిన కాలముననే గడచెను. మార్పును అందరికంటె ముందుగ గ్రహించి, దానిని కాగితముమీద పెట్టినవాడును అతడే.

అఖిల ఐర్లండు పోటీలు 1887లో మొదలైనను కెర్రీ చాలకాలము ఫుట్‌బాల్‌లో గెలుపు నెరుగదు. 1903వ సంవత్సరపు పోటీ, పనులు ఆలస్యమై, 1905లో ముగింపునకు వచ్చెను. ఎదిరిపక్షము కిల్డేర్ కౌంటీ. జూలై నెలలో టిప్పరేరీ పట్టణమున మొదటి ఆట జరిగెను. ఒక గోలు విషయమై వివాదము పుట్టి, జనము మైదానములోనికి చొచ్చుకొనివచ్చుటచే ఫలము తేలలేదు. ఆగస్టులో కార్కు నగరమున రెండవ ఆట సరిసమానమయ్యెను. అక్టోబరులో అచ్చటనే మూడవ ఆటయందు కెర్రీ ఎనిమిది పాయింట్లు, కిల్డేర్ రెండు పాయింట్లు సంపాదించెను. పిమ్మట లండను ఐరిషుల జట్టును గూడ ఓడించి కెర్రీ తన మొట్టమొదటి విజయమును గైకొనెను. ఈ మూడు ఆటలే గేలిక్ ఫుట్‌బాల్‌ను దేశమంతటికిని ప్రియమైన వేడుకగ చేసినవని చరిత్రకారు లందురు. కిల్డేర్ వారు చేతితో బంతిని దగ్గరదగ్గరగ అందించుకొనుచు ముందుకు సాగుదురు. కెర్రీవారు ఎగిరి పట్టి దూరముగ తన్నుదురు. రెండు పద్ధతులు ఒకదానినొకటి ఢీకొని, రెండును మెరుగుపడెను. అప్పటికి ఇరువదిమూడేండ్లవాడగు డిక్ ఓడినవారి విద్యను గూడ కన్నులతో దొంగిలించుకొని యింటికి వెళ్లెను అనిన అతిశయోక్తి కాదు.

మరుసటి పోటీయగు 1904వ సంవత్సరపు విజయమును కెర్రీకే దక్కెను. ఆ జట్టు నాయకుడు ట్రలీ పట్టణవాసి ఆస్టిన్ స్టాకు. ఈ పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. మరల చెప్పవలసి యున్నది. 1905వ పోటీ ముగింపున కిల్డేర్ వారు పగ తీర్చుకొనిరి. 1908లో డబ్లినువారు ఓడించిరి. 1909లో లౌత్ కౌంటీని జయించి కెర్రీ మరల పీఠ మెక్కెను.

1910వ సంవత్సరపు కథ వేరు. ఆ యేటి ముగింపునకును కెర్రీ, లౌత్ జట్లే మిగిలెను. కెర్రీనుండి డబ్లినునకు పోవుటకు దక్షిణ పశ్చిమ రైలు కంపెనీయే గతి. తమ వెంట వచ్చు జనమునకు తగ్గింపు ధరకు టిక్కెట్లు ఇమ్మని కెర్రీవా రడిగిరి, కంపెనీ ఇయ్యనొల్లదయ్యెను. అట్లయిన మేమును రామని కెర్రీవారు ఇంటికడనే కూర్చుండిరి. ఆట లేకయే లౌత్ గెలిచినట్లు ప్రకటింపబడెను. చేతికందిన కీర్తిని రైలు ఛార్జీకై విడుచుట మూర్ఖత యని ఆనాడు కొందరు ఎగతాళి చేసిరి. మాకట్లు తోచదు. మూడవ తరగతి పెట్టెలలో జనమును పశువులవలె త్రోయుచు, వారి సొమ్ముతో బలియు రైలు కంపెనీల మర్యాద మన దేశమువారికి అనుభవమే గదా. ఆటగాండ్రు తమ సుఖమునకుగాక తమ్ము చూడవచ్చు బీదవారి నిమిత్తము పట్టుపట్టి పతకమును వదలుకొనిరి. అట్టి పట్టుదలను నష్టముల పద్దులో వ్రాయుటకు మా కలము పోదు.

ఇక అతని ఆట. అతడు ముందువరుసయందు ఆడువాడు. మైదానపు అంచున, గోలునకు కోణము మిక్కిలి ఇరుకుగ నున్న చోట నిలిచి, బంతిని మెలిత్రిప్పి తన్నుట అతని ప్రత్యేక విద్య. తన్నినప్పుడు బంతి తప్పుదారిని పోవుచున్నట్లే యుండి, గాలిలో వంగి తిరిగి స్తంభముల నడుమకు వచ్చును. ఈ తన్నుడును అతడు నిరంతర సాధనముచే వశపరచుకొనెను. చూపరులు దీనిని దైవదత్తమైన నేర్పనుకొనిరి. అతడు మాత్రము ఇది ఎవడైనను నేర్వదగినది, కావున నేర్పదగినది యని నమ్మెను. అతనిని సాటి వీరులనుండి వేరుచేయునది ఈ నమ్మకమే యని మా యభిప్రాయము. గొప్ప ఆటగాండ్రు ప్రతి కౌంటీలోను ఉండిరి. తన గొప్పతనమును ముక్కలుగ విడదీసి, ఇది పాదముంచు తీరు, ఇది ఒడలు వంచు తీరు అని పరునకు చూపగలవారు అరుదు.

ఆర్చిబిషప్పు క్రోకు 1902లో కాలధర్మము నొందెను. అతని జ్ఞాపకచిహ్నమునకు ధనము కూర్చుటకై 1913లో ప్రత్యేకముగ ఒక పోటీ నడపిరి. దాని ముగింపునకు మరల కెర్రీ, లౌత్ వచ్చెను. 1910లో ఆడక గెలిచిన లౌత్ 1912లో ఆడియే గెలిచి యుండెను. ఎవరు మిన్నయను తగవును తీర్చుకొనవలెనని రెండు కౌంటీల జనమును ఉవ్విళ్లూరుచుండిరి. మే నెలలో ఆట సమానమయ్యెను. జూనులో మరల పెట్టుటకు నిశ్చయమైనతోడనే రెండు జట్లును మునుపెన్నడు లేని విధమున పూర్తికాలపు సాధనమునకు పూనుకొనెను. లౌత్ వారు బెల్‌ఫాస్టునుండి ఆంగ్ల ఫుట్‌బాల్ శిక్షకులను రప్పించుకొనిరి. కెర్రీవారు ట్రలీలో తమవారి చేతనే శిక్షణ పొందిరి. ముప్పదివేలకు పైబడిన జనము కన్నులార చూచుచుండ కెర్రీ రెండు గోళ్లు నాలుగు పాయింట్లతో గెలిచెను. లౌత్‌నకు ఐదు పాయింట్లే దక్కెను. నాయకుడు డిక్ ఫిట్జెరాల్డు. ఆ జనము చెల్లించిన సొమ్ము స్మారకచిహ్నమునకు పోగా మిగిలిపోయెను. ఆ మిగులు ఆధారముగ సంఘమువారు ఆ యేడు చివర డబ్లినులోని జోన్సు రోడ్డు మైదానమును 3,500 పౌనులకు కొని దానికి క్రోక్ పార్కు అని పేరిడిరి. నేడు ఎనుబదివేలమంది కూర్చుండగల ఆ మహాక్రీడాస్థలికి పునాది సొమ్ము ఆ రెండు ఆటలలో కూడినదే.

పదునైదుగురి జట్లతో మొదటిసారిగ జరిగిన 1913వ సంవత్సరపు అఖిల ఐర్లండు పోటీలో వెక్స్‌ఫర్డు కౌంటీని జయించి డిక్ నాయకత్వమున కెర్రీ గెలిచెను. 1914లోను ఎదిరిపక్షము వెక్స్‌ఫర్డే. మొదటి ఆట సమానమై, రెండవదానిలో కెర్రీ గెలిచెను. ఐదు అఖిల ఐర్లండు పతకములు, వరుసగ రెండేండ్లు నాయకత్వము. ఒక ఆటగాని జీవితమునకు ఇంతకంటె పై శిఖరము లేదు.

ఆ శిఖరముమీద నుండియే అతడొక పని చేసెను. 1914లో గేలిక్ ఫుట్‌బాల్ ఆడు విధానమును బోధించు చిన్న పుస్తకమును వ్రాసి ప్రచురించెను. గేలిక్ ఆటల శిక్షణకు ఇదియే మొట్టమొదటి గ్రంథము. అంతవరకు ఆట విద్య తండ్రినుండి కొడుకునకు, అన్ననుండి తమ్మునకు నోటిమాటగ, కాలి వాలుగ వచ్చుచుండెను. మన పల్లెలలో కర్రసాము గురువు తన చివరి పట్టును శిష్యునకు చెప్పక దాచుకొనునని లోకమున వాడుక గలదు. అచ్చటను పరిస్థితి అంతకు భిన్నము కాదు. ఏ యూరి నేర్పు ఆ యూరిది. ఎదుటి కౌంటీవాడు దొంగిలించునను భయము ప్రతివానికిని కలదు. అట్టి కాలమున జయించుచున్న జట్టు నాయకుడు, ఇంకను తాను మైదానమున నుండగనే, తన రహస్యములను అచ్చువేయించి వెల యిచ్చిన ప్రతివానికిని అమ్మెను.

గోలు కాయువాడెట్లు నిలువవలెను, వెనుకవరుసవాడు ఎప్పుడు బంతికి ముందుకు రావలెను, నడుమవారి పని యేమి, ముందువరుసవారు ఒకరికొకరు దారి యెట్లు తెరువవలెను, మెలిత్రిప్పుడు తన్ను ఎట్లు సాధింపవలెను, నాయకుని బాధ్యత యేమి, రెఫరీ యేమి చేయవలెను అను సంగతులన్నియు అందు వివరించెను. ఈ యాట మోటువారి తోపులాట యని తీసివేయువారికి, ఇది శాస్త్రీయమైన యాట యని అతడు గట్టిగ సమాధానము చెప్పెను. జట్టు తగ్గుటచే శాస్త్రమునకు చోటు పెరిగినదని సంతసించెను. అయినను మనుష్యుని యంత్రముగ మార్చు పద్ధతిని అతడు మెచ్చలేదు. కలసి ఆడవలెను, కాని ఒక్కొక్కని సొంత నేర్పు అందులో కరగి మాయము కారాదు. ఈ రెండింటికిని నడుమ నున్న తూకమే శిక్షకుని పని యని ఆ పుస్తకము చదివినవారికి బోధపడును. నూరేండ్లు దాటినను ఈ చర్చ ఆగలేదు. నేటికిని గేలిక్ ఫుట్‌బాల్ శిక్షకులు చేతి పాసులు ఎక్కువా, దూరపు తన్నులు ఎక్కువా అని వాదులాడుకొనుచునే యున్నారు.

పుస్తకము వెలువడిన మరుసటి యేడు, 1915లో, వెక్స్‌ఫర్డువారు కెర్రీని ఓడించిరి. ఆ యేటినుండి వరుసగ నాలుగేండ్లు వారే విజేతలైరి. తన విద్యను పంచిన నాయకుడు ఇట్లు ఓడిపోవుట చూచి నవ్వినవారు లేకపోలేదు. మేము దీనిని వేరొక కన్నుతో చూచుచున్నాము. ఎదిరిపక్షము బలపడినప్పుడు గాని ఆట బలపడదు. అతడు కెర్రీకి మాత్రమే నాయకుడైన పుస్తకము వ్రాయకుండవలసినది. ఆటకు నాయకుడు గావుననే వ్రాసెను.

ఇంతలో ఐరోపా యుద్ధము వచ్చిపడెను. ఐర్లండునందు స్వచ్ఛంద సేనాదళములు ఏర్పడి యుండెను. ఆంగ్లేయుల యుద్ధమునకు సాయపడుడని రెడ్మండు బోధింపగ దళములు రెండుగ చీలెను. తక్కువమంది గల జాతీయ దళమున గేలిక్ ఆటగాండ్రు అనేకులు నిలిచిరి. డిక్ ఫిట్జెరాల్డు వారిలో నొకడు. ఆ దినములలోనే మన వరాహగిరి వేంకటగిరి గారు న్యాయశాస్త్రము చదువుటకై 1913లో డబ్లిను చేరిరి. ఐరిషుల ఉద్యమగాలి తగిలి, 1916 తిరుగుబాటు పిమ్మట ఆ దేశమును విడిచి రావలసినవారైరి. 1969లో భారత రాష్ట్రపతియైన ఆ తెలుగు బిడ్డ చదువుకొను కాలమున డబ్లిను వీధులలో కెర్రీ నాయకుని పేరు మారుమ్రోగుచుండెను.

1916 ఏప్రిలు 21వ తేదీన, శుభ శుక్రవారమునాడు, సర్ రోజర్ కేస్‌మెంటు జర్మను జలాంతర్నౌకనుండి కెర్రీ తీరమున బానా ఇసుకతిన్నెలమీద దిగి పట్టువడెను. ఆనాడే ట్రలీలో కెర్రీ దళాధిపతిని పోలీసులు బంధించిరి. ఆ దళాధిపతి మరెవ్వరో కాడు, 1904వ సంవత్సరపు ఫుట్‌బాల్ నాయకుడు ఆస్టిన్ స్టాకే. అతనికి యావజ్జీవ కఠినశిక్ష పడెను. మూడు దినములకు డబ్లినులో తిరుగుబాటు చెలరేగి, వారము తిరుగునంతలో అణచివేయబడెను. దేశమంతట పట్టివేతలు జరిగెను. డిక్ ఫిట్జెరాల్డును బంధితుడై వేల్సు దేశములోని ఫ్రాంగాకు శిబిరమునకు చేర్చబడెను.

ఫ్రాంగాకు అనునది కొండల నడుమ నున్న పాత సారాబట్టీ. యుద్ధ ఖైదీలైన జర్మనులను అంతకుముందు అందుంచిరి. వారిని తొలగించి పదునెనిమిది వందలకు చేరువగ ఐరిషులను విచారణ లేకయే అందు కూరిరి. ఎలుకలు, చెమ్మ, చలి. మైకేల్ కాలిన్సు ఆ బందీలలో నుండెను. దేశమందలి అన్ని మూలలనుండి వచ్చిన యువకులు ఒకరినొకరు ఎరుగుటకు ఆ చెరయే కళాశాల యయ్యెనని తరువాతి చరిత్రమున తేలెను. బందీలు తాము ఆడుకొను చోటునకు క్రోక్ పార్కు అని పేరిడుకొనిరి. తిరుగుబాటు వీరుడు వుల్ఫ్ టోను పేరిట ఒక పోటీ యేర్పరచిరి. కెర్రీ బందీలును లౌత్ బందీలును ముగింపుకు వచ్చిరి. మూడేండ్లక్రితము ముప్పదివేల జనము ముందట తలపడిన కౌంటీలే ముళ్లతీగల నడుమ, తుపాకులు పట్టిన కావలివాండ్రు చూచుచుండగ మరల తలపడెను. కెర్రీకి నాయకుడు డిక్ ఫిట్జెరాల్డే. ఒక్క పాయింటు తేడాతో కెర్రీ గెలిచెను. ఆకలితో నీరసించిన యువకులను కూర్చి, వరుసలు నిలిపి, పుస్తకమున వ్రాసినదానిని చేతలలో చూపుటకు ఆ శిబిరము అతనికి పనికివచ్చెను. అతని ఐదు పతకములలో ఈ గెలుపునకు చోటులేదు. మా యెన్నికలో మాత్రము ఇదియే మొదటిది.

తరువాతి సంవత్సరములను క్లుప్తముగ చెప్పుదుము. 1918లో ప్రభుత్వము అనుమతిపత్రము లేనిదే ఆటలు ఆడరాదని శాసింపగ, ఆగస్టు 4వ తేదీ ఆదివారము మధ్యాహ్నము మూడు గంటలకు దేశమంతట ఒకేమారు పత్రము లేకయే ఆటలు మొదలుపెట్టి ఆ శాసనమును చెల్లనీయకుండ చేసిరి. 1920 నవంబరు 21న ఆంగ్ల బలగములు క్రోక్ పార్కులో చొరబడి కాల్పులు జరుపగ పదునలుగురు మృతినొందిరి; టిప్పరేరీ ఆటగాడు మైకేల్ హోగను వారిలో నొకడు. 1921లో సంధి కుదిరెను. సంధిని ఒప్పుకొనువారును ఒప్పుకొననివారును ఒకరినొకరు చంపుకొనిరి. ఆ యంతర్యుద్ధము కెర్రీలోవలె క్రూరముగ మరెచ్చటను జరుగలేదు. 1923 మార్చి 7వ తేదీన బల్లీసీడీయందు ఖైదీలను మందుపాతరకు కట్టి పేల్చిరి. అదే దినమున డిక్ సొంతయూరగు కిలార్నీలోని కౌంటెసు వంతెనకడ మరి నలుగురు ఖైదీలు హతులైరి. తమ్ముడు అన్నను, పొరుగువాడు పొరుగువానిని నమ్మని దినములవి.

అప్పుడు కెర్రీని మరల ఒకచోట కూర్చినది బంతియాట. ప్రభుత్వ సైన్యాధికారి కాన్ బ్రాస్నను, ఆ ప్రభుత్వమునకు లోబడక అజ్ఞాతమున తిరిగిన జాన్ జో షీహీ, ఇరువురును ఒకే చొక్కా తొడిగి ఒకే జట్టున ఆడిరి. ఖైదీలు ఇంకను చెరలో నుండగ తాము ఆడమని 1924లో కెర్రీవారు పట్టుపట్టి ముగింపు ఆటను ఆలస్యము చేయించిరి. ఈ కలహముల నడుమ పాత నాయకుడగు డిక్ వంటివారి అండ యువకులకు గొప్ప బలము. అతడు ఆట మానిన పిమ్మటను ఆటను వదలలేదు. రెఫరీగ ఈల పట్టెను. సంఘపు సభలలో కూర్చుండెను. కెర్రీ ఆట తీరునకు మార్గదర్శకుడై నిలిచెను. అతని పుస్తకము చదివి పెరిగినవారు ఇప్పుడు మైదానమున నుండిరి. 1924, 1926, 1929 సంవత్సరముల పోటీలను కెర్రీ గెలిచెను. పాత స్నేహితుడు ఆస్టిన్ స్టాకు 1929 ఏప్రిలులో చనిపోయెను.

1930లో కెర్రీ మరల ముగింపునకు చేరెను. ఎదిరిపక్షము మోనహను. ఆట సెప్టెంబరు 28వ తేదీ ఆదివారమునకు నిర్ణయమయ్యెను. 26వ తేదీ శుక్రవారమున కిలార్నీలో న్యాయస్థానపు కట్టడము పైకప్పునుండి పడి డిక్ ఫిట్జెరాల్డు మరణించెను. వయస్సు నలుబదియెనిమిది నిండవచ్చెను. ప్రయాణమునకు మూటలు కట్టుకొనుచున్న ఆటగాండ్రకు ఈ వార్త పిడుగువలె తాకెను. ఆటను వాయిదా వేయింపవలెనా యను తలంపు పుట్టెను. ఇంటి పెద్ద శవము లేవక మునుపే బిడ్డలు పందెమునకు పోవుట మన సంప్రదాయమున ఊహింపరానిది; వారి సంప్రదాయమునను అది తేలిక కాదు. అయినను వేలకొలది జనము రైళ్లలో బయలుదేరనుండిరి. మోనహను వారు తొలిసారి కప్పునకై వచ్చుచుండిరి. ఆడుటకే నిశ్చయమయ్యెను. షీహీ నాయకత్వమున కెర్రీ మూడు గోళ్లు పదునొకండు పాయింట్లు చేసెను. మోనహనునకు రెండు పాయింట్లు మాత్రమే వచ్చెను. ముగింపు ఆటలలో అంతటి తేడా అరుదు. ఆ విజయమున కేరింతలు తక్కువ, మౌన మెక్కువ.

అతనికి స్మారకముగ నేమి చేయుదమని కిలార్నీవారు ఆలోచించి, విగ్రహము వలదని, ఆటస్థలము కట్టుదమని నిర్ణయించిరి. ఈ పనికి పూనుకొన్నవాడు డాక్టరు ఎమన్ ఓసల్లివను. ఇతడు ఆ యూరి మానసిక చికిత్సాలయపు వైద్యుడు. కెర్రీ జట్టునకు శిక్షకుడు. 1924నుండి 1962వరకు అతని శిక్షణలో కెర్రీ ఎనిమిది అఖిల ఐర్లండు విజయములు పొందెను. 1958లో అతడును ఫుట్‌బాల్ శిక్షణను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. డిక్ మొదలిడిన దారిని శాస్త్రముగ విస్తరింపజేసినవాడు ఇతడే. పనిచేయుట చిత్తరోగమునకు మందని నమ్మిన ఈ వైద్యుడు తన రోగులను మైదానము చదును చేయుటకు తీసికొనివచ్చెను. గుట్టవాలుగ నున్న నేలను త్రవ్వి, మట్టి మోసి, గట్లు పోసినవారు లోకము మరచిపోయి గోడల వెనుక నుంచిన ఆ మనుష్యులు. కూలికి కాక, తమ స్వస్థతకై వారు పాటుపడిరని వైద్యుని వాదము. ఆ శ్రమకు తగిన పేరు వారికి దక్కినదా యను ప్రశ్న మా మనస్సును వదలకున్నది. మైదానమునకు పెట్టిన పేరు ఒక్కటే. కట్టిన చేతులు వందలు.

1936 మే 31వ తేదీ ఆదివారమున ఫిట్జెరాల్డు క్రీడాస్థలము తెరువబడెను. మరుసటి యేడు డబ్లినులోని క్రోక్ పార్కున క్యూసాకు పేరిట కట్టుచున్న మేడ పూర్తికాకపోవుటచే అఖిల ఐర్లండు హర్లింగు ముగింపు ఆటను కిలార్నీకి తెచ్చిరి. టిప్పరేరీ, కిల్కెనీ జట్లు ఆడెను, టిప్పరేరీ గెలిచెను. రాజధానినుండి అంతటి ఆట ఆ కొండల చెంతకు వచ్చినది ఆ యొక్కసారియే. ట్రలీలో ఆస్టిన్ స్టాకు పేరిట మరియొక మైదానము వెలసెను. 1904వ సంవత్సరపు జట్టున భుజము భుజము కలిపి ఆడిన ఇరువురు మిత్రులకును ఇట్లు ఒకే కౌంటీలో రెండు గడ్డినేలలు మిగిలినవి. వేసవిలో కెర్రీ, కార్కు జట్లు కిలార్నీలో తలపడు ఆదివారమున, సరస్సుల మీదుగ వచ్చు గాలి మైదానమునకు అడ్డముగ వీచును. అంచున నిలిచి తన్నువాడు ఆ గాలిని లెక్కించి బంతిని మెలిత్రిప్పవలసినదే.